పిన్నీసు కాదమ్మా, మీనా

మన పర్లాకిమిడి బ్యాచ్ సమ్మేళనం సంచికకి వ్యాసం కోసం కమిటీ నుంచి మూడోసారి ఫోను వచ్చింది. కౌంటు మాస్టారి మీద ఎవరూ రాయలేదట. స్పోర్ట్స్ డే, కోరాపుట్ ఎక్స్‌కర్షన్, గంట బాబాయి, మహేంద్రతనయ వరదొచ్చిన వారం, వీటన్నిటికీ రాసేవాళ్లు ఉన్నారు. నేను తొమ్మిదో తరగతి శనివారం ఆఖరి రెండు పీరియడ్ల దగ్గరే ఆగుతాను. బ్రామ్ స్టోకర్ ఇంగ్లీషు నవల ‘డ్రాకులా’ని మనం ఎలా చదివామో, ఎక్కడ ఎవరు ఏమన్నారో రాసిపెడితే చాలు. మాస్టారు ఎలాంటివారో అందులోనే తెలుస్తుంది.

పుస్తకం గుర్తుంది కదా, ‘సమాజ’ పేపరు అట్ట వేసినది. మొదటి శనివారం మాస్టారు దాన్ని తెరవనే లేదు. అటెండెన్సు రిజిస్టరంత నీలం అట్ట పుస్తకం తీసి నాలుగు గళ్లు గీయించారు. తేదీ. రాసినవారు. తెలిసిన సంగతి. అది ఇంకా తెలియనివారు. ఆ నాలుగో గడి నింపలేనివాడు నవల చదవనట్టే అన్నారు. ఎందుకన్నారో ఆగస్టులో గానీ మనకి అర్థం కాలేదు. ఈ నవలకి కథ చెప్పే మనిషి లేడు. డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపరు కత్తిరింపులు, ఒక ఓడ లాగ్‌బుక్కు, అంతే. దాదాపు అందరూ రాస్తారు. రక్తం తాగి బతికే ఆ కోట దొర, కౌంటు డ్రాకులాది మాత్రం మొదట్లో ఒక చిన్న ఉత్తరమే. ఎవరికి వాళ్లకి తమ ముక్కే తెలుసు. అన్ని ముక్కలూ చేతిలో ఉన్నది చదివేవాడికి ఒక్కడికే. కోరపళ్లకీ గబ్బిలాలకీ మనం రెండు వారాల్లో అలవాటుపడిపోయాం. అలవాటు పడనిది ఆ నాలుగో గడికే.

కథ మే 3న మొదలై నవంబరు 6న ముగుస్తుంది. మాస్టారు మన బడి క్యాలెండరుకి దాన్ని అతికించిన తీరు ఇప్పుడు తలుచుకున్నా నాకు గొప్పగా ఉంటుంది. మొదటి నాలుగు అధ్యాయాలూ, కౌంటు కోటకి పనిమీద వెళ్లి బందీ అయిన ఇంగ్లీషు లాయరు జోనాథన్ హార్కర్ డైరీయే, మే 3 నుంచి జూన్ 30 దాకా. వాటిని వేసవి సెలవుల ముందు చదివేశారు. అయిదో అధ్యాయం మళ్లీ మే 9కి వెనక్కి వెళ్లి, అతను పెళ్లాడబోయే మీనా ఉత్తరంతో మొదలవుతుంది. దాన్ని బడి తెరిచేదాకా ముట్టుకోలేదు. జూన్ 30న హార్కర్ అందరికీ వీడ్కోలు రాసి, మీనా పేరు తలుచుకుని కోట గోడ దిగడానికి సిద్ధపడతాడు. సెలవులన్నీ మనం వాణ్ని ఆ గోడ మీదే వదిలేసి తిరిగాం. సగం క్లాసు వాడు చచ్చిపోయాడనే తీర్మానించింది. బతికున్నాడని తెలిసేది ఎనిమిదో అధ్యాయంలో, బుడాపెస్ట్ నుంచి నర్సు ఆగస్టు 12న రాసిన ఉత్తరంలో. ఆ రోజు మనం కొట్టిన చప్పట్లకి హెడ్మాస్టారు గది నుంచి మనిషి వచ్చాడు.

మొదటి పేజీల్లో భయం ఎవరికీ లేదు. రైల్వే క్వార్టర్స్ వాడు, హార్కర్ మ్యూనిక్‌లో 8.35కి బండి ఎక్కడం, వియన్నాకి 6.46కి చేరాల్సిన బండి గంట ఆలస్యం కావడం విని, నౌపడ నుంచి గుణుపురం వెళ్లే మన చిన్న బండితో పోల్చి సంబరపడ్డాడు. తర్వాత తిండి. పాప్రికా మిరప వేసిన కోడికూర తిని రాత్రంతా దాహంతో నీళ్లు తాగాడనగానే, ఇంత చప్పిడి నోరేమిటని జాలిపడ్డాం. పొద్దున్న ఫలహారం మామాలిగా అంటే మొక్కజొన్న పిండి జావ. మన చోడంబలికి అన్నలాంటిది. దానితోపాటు కూరి వండిన వంకాయ! లోపల మాంసం కూరినా అది గుత్తివంకాయే. ఆ క్షణం నుంచి కౌంటు కోట ఉన్న ట్రాన్సిల్వేనియా మనకి పక్కూరైపోయింది. స్టోకర్ మాత్రం ఆ దేశం ఎప్పుడూ చూడలేదు. పుస్తకాలు చదివి, నోట్సు రాసుకుని కట్టిన ఊరది.

మే 4 రాత్రి దారిలో నీలి మంటలు కనిపిస్తాయి. బండి తోలేవాడు దిగి వెళ్లి వాటి చుట్టూ రాళ్లు పేరుస్తాడు. మనవాళ్లు కొరివిదెయ్యం అన్నారు, ఒరియా బెంచీవాళ్లు డాహాణి ఆలుఅ అన్నారు. ఆ మంట ఉన్న చోట నిధి పాతి ఉంటుందని తర్వాత కౌంటే చెప్పేసరికి లంకెబిందెల కథలు మొదలై ఆ పీరియడంతా వాటికే పోయింది. ఇంటివాళ్లు ఎవరో ఒకరు రమ్మంటే తప్ప కౌంటు మొదటిసారి గడప దాటలేడన్నప్పుడు, గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసే ఊళ్ల సంగతి కంచిలి అమ్మాయి చెప్పింది. మాస్టారు దాన్ని నల్లబల్ల మీదే రాశారు. భేతాళుణ్ని కూడా ఎవరో లాక్కొచ్చారు గానీ అది నిలబడలేదు. భేతాళుడు శవాన్ని ఆవహించినా రక్తం తాగడు, కథ చెప్పి ప్రశ్న వేస్తాడు.

రెండో అధ్యాయంలో అద్దం, మూడోదాంట్లో గోడ మీద బల్లిలా తలకిందులుగా పాకడం దాకా మగపిల్లలకి హుషారే. సంచీలో పసిబిడ్డ దగ్గర అది ఆగిపోయింది. ఆ తర్వాత గుమ్మం ముందు బిడ్డ కోసం తల్లి ఏడవడం, తోడేళ్లు రావడం. మొదటి బెంచీలో ఇద్దరు బయటికి వెళ్లిపోయారు. మాస్టారు వాళ్లని ఆపలేదు, వెనక్కి పిలవలేదు. ఆ పేజీ దగ్గర ఆగిపోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్లని బలవంతపెట్టకూడదు. వచ్చే శనివారం వాళ్లే వచ్చి కూర్చున్నారు.

ఇంగ్లండు సముద్రతీరపు ఊరు విట్బీ శ్మశానంలో ముసలి నావికుడు స్వేల్స్ మాటలు ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకీ కొరుకుడు పడవు. స్టోకర్ విట్బీ మాండలిక పదాల పుస్తకం ముందు పెట్టుకుని ఆ యాస రాశాడు. సాధారణంగా చదువరులు ఇక్కడ రెండు పేజీలు దాటేస్తారు. దాటేస్తే మాత్రం నష్టం, ఎందుకంటే మీనా స్నేహితురాలు లూసీ నడిచివెళ్లే బల్ల అక్కడిదే. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఈ మాటలు కష్టమంటే ఎలా అని మాస్టారు దాన్ని మన కిమిడి మాటలోకి దింపమన్నారు. బొబ్బిలి గుంటడు దింపింది రిజిస్టరులో ఉంది: “ఈ రాళ్ల కింద ఎవలున్నారేటి? సముద్రంలో పోనోలకి ఇక్కడ రాయి పాతీసినారు. రాతంతా అబద్దమే.” స్వేల్స్ చెప్పేది సరిగ్గా అదే. పంతులు గారు సవరల మాటకి వ్యాకరణం, నిఘంటువు కట్టారని మనం వినడం అదే మొదటిసారి.

ఇక పిన్నీసు.

ఆగస్టు 11 తెల్లవారుజామున లూసీ నిద్రలో నడుస్తూ శ్మశానానికి వెళ్తుంది. మీనా వెతుక్కుంటూ వెళ్లి, ఆమె చుట్టూ శాలువా కప్పి మెడ దగ్గర పిన్నీసు పెడుతుంది. పొద్దున్నే మెడ మీద రెండు చుక్కలు చూసి, తన పిన్నీసే గుచ్చుకుందని నొచ్చుకుంటుంది. నలభై గొంతులు ఒక్కసారిగా “పిన్నీసు కాదమ్మా!” అన్నాయి. మాస్టారు పుస్తకం మూసి, “ఇప్పుడు నాలుగో గడి నింపండి” అన్నారు. మీనాకి హార్కర్ డైరీ తెలీదు. అది తెలిసిన హార్కర్ మంచం పట్టి ఎక్కడో ఉన్నాడు. యాభై పెట్టెల మట్టితో వచ్చిన ఓడలో, చక్రానికి చేతులు కట్టుకుని చనిపోయిన కెప్టెన్ లాగ్‌బుక్కు పేపర్లో అచ్చయింది కూడా. అయినా దాన్నీ దీన్నీ కలిపేవాళ్లు లేరు. ఆ రోజు నుంచి మన బ్యాచ్‌లో ఎవరు తప్పు కారణం చెప్పినా “పిన్నీసు” అంటే సరిపోయేది. ఇప్పటికీ వాట్సాప్ గ్రూపులో అంటూనే ఉన్నాం.

సెప్టెంబరు నాది. కౌంటు రక్తం తాగేస్తున్న లూసీకి నలుగురు రక్తం ఇస్తారు. 7న ఆమెని పెళ్లాడబోయే ఆర్థర్, 10న డాక్టర్ సీవర్డ్, 13న అతని గురువు వాన్ హెల్సింగ్, 18న వాళ్ల స్నేహితుడు క్విన్సీ. 20న ఆమె పోతుంది. ఇంత ఎక్కించినా ఎందుకు నిలవలేదని అప్పుడు అడిగాం. బరంపురంలో ముప్పై ఏళ్లుగా బ్లడ్ బ్యాంకు పని చేస్తున్నాక ఇప్పుడు నా ప్రశ్న తిరగబడింది. నాలుగోసారి దాకా ఎలా బతికింది? నవల 1897 నాటిది. రక్తంలో గ్రూపులున్నాయని కార్ల్ లాండ్‌స్టైనర్ ప్రకటించింది 1901లో. వాన్ హెల్సింగ్‌కి తెలిసిన పరీక్షల్లా దాత వయసు, బలం. గ్రూపు కలవకపోతే సీసా సగం కూడా కానక్కర్లేదు. కొద్ది మిల్లీలీటర్లకే చలి, జ్వరం, నడుం నొప్పి మొదలై, మూత్రం ఎర్రబడి, బీపీ పడిపోయి, కిడ్నీలు దెబ్బతింటాయి. నలుగురిదీ పడాలంటే లూసీది ఏ గ్రూపు రక్తమైనా పట్టే ఏబీ అయి ఉండాలి, లేకపోతే వాళ్ల నలుగురి గ్రూపులూ ఆమెకి సరిపడేవే కావాలి.

ఇంకొకటి. ఆర్థర్ రక్తం అంత శుద్ధమైనది గనక ఫిబ్రిన్ తీయనక్కర్లేదంటాడు వాన్ హెల్సింగ్. ఫిబ్రిన్ అంటే రక్తాన్ని గడ్డకట్టించే దారాలు. ఆ కాలంలో రక్తాన్ని గిన్నెలోకి పట్టి, మజ్జిగ చిలికినట్టు చిలికి వాటిని తీసేవాళ్లు. తీయకపోతే గొట్టంలోనే గడ్డ పడుతుంది. ఎంత ఆరోగ్యవంతుడి రక్తమైనా పడుతుంది, శుద్ధికీ దీనికీ సంబంధం లేదు. రక్తాన్ని గడ్డకట్టనివ్వని సోడియం సిట్రేట్ వాడకం 1914లో మొదలయ్యాకే ఆ బాధ తీరింది. ఇప్పుడు 350 మిల్లీలీటర్ల సంచీలో ముందే రక్తాన్ని గడ్డకట్టనివ్వకుండా నిలవ ఉంచే సీపీడీఏ ద్రావణం 49 మిల్లీలీటర్లు ఉంటుంది. 2 నుంచి 6 డిగ్రీల చలిలో 35 రోజులు నిలవ ఉంటుంది. నేను నేర్పిన పిల్లలు ఇవాళ మూడు జిల్లాల్లో క్రాస్‌మ్యాచ్, అంటే దాత రక్తం రోగికి పడుతుందో లేదో చూసే పరీక్ష, చేస్తున్నారు. మొదటి క్లాసులో వాళ్లకి నేను చెప్పేది లూసీ కేసే. నాలుగు గళ్లు గీయించి చెబుతాను.

క్లాసు రెండుగా చీలింది మాత్రం రక్తం దగ్గర కాదు, వెల్లుల్లి దగ్గర. పిశాచం దగ్గరికి రాకుండా లూసీ మెడకి వెల్లుల్లి పూలు కట్టి, కిటికీలు మూసి వెళ్తారు. గది ఉక్కగా ఉందని తల్లి ఆ పూలు తీసేసి కిటికీ తెరుస్తుంది. పొద్దున్న ఆ మాట ఎంతో ప్రేమగా చెబుతుంది కూడా. ఆమెకి గుండెజబ్బు, దిగులుపడే మాట చెబితే ప్రాణానికే ముప్పని దాచారు. దాచడం సరే అని ఒక వైపు, కనీసం పూలు ముట్టుకోవద్దని చెప్పొచ్చు కదా అని ఇంకో వైపు. సెప్టెంబరు 30 వచ్చాక ఆడపిల్లలంతా ఒకటే వైపు. టైపు, షార్ట్‌హ్యాండు వచ్చిన మీనా అందరి డైరీలూ వరసలో పెట్టి, సీవర్డ్ ఫోనోగ్రాఫు మైనపు గొట్టాల్లో చెప్పుకున్నది కూడా విని టైపు చేసి, మూడు కాపీలు తీసింది. సీవర్డ్‌కి తన గొట్టాల్లో ఏ మాట ఎక్కడుందో వెతుక్కోవడమే రాదు. అన్నీ కలిపిన మనిషిని, ఆడదానికి ఈ పని తగదని ఆ రాత్రే పక్కన పెట్టేశారు. మూడు రోజులు. ఆమె పాలిపోతుంటే అలసట అనుకున్నాడు భర్త హార్కర్. మళ్లీ పిన్నీసే! అక్టోబరు 3 తెల్లవారకముందే కౌంటు ఆమె గదిలో ఉన్నాడు. ఆ రాత్రి వాడు కాగితాలూ గొట్టాలూ కాల్చేసినా, ఇనప్పెట్టెలో ఆమె తీసిన ఇంకో కాపీ మిగిలింది గనకే కథ ముందుకి నడిచింది. నాలుగో బెంచీ అక్కచెల్లెళ్లు ఆ వారమే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. పెద్దావిడ కలెక్టరాఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైంది.

ముగింపు ఎవరికీ నచ్చలేదు. 49 పెట్టెలు పాడుచేసి, ఆఖరి పెట్టె వార్నా రేవుకి వస్తుందనుకుని, దాని వెంట గలాట్జ్ రేవు దాకా వెళ్లి, అంత వేట వేటాడితే, పొద్దుగుంకుతుండగా ఒక్క పేరాలో కౌంటు దుమ్మయిపోతాడు. అందరూ గుండెలో దిగగొట్టే కర్ర మేకు కోసం చూశారు. వాడు చచ్చింది రెండు కత్తులకి. హార్కర్ చేతిలోది గూర్ఖాల కుక్రీ, క్విన్సీది బౌయీ కత్తి. మేకు, చనిపోయి పిశాచమైన లూసీకే గానీ కౌంటుకి కాదు. ఎండ తగిలి చస్తాడన్నది కూడా నవలలో లేదు, 1922 నాటి జర్మన్ మూకీ సినిమాలోంచి వచ్చింది. నవలలో హార్కర్ వాణ్ని లండన్ వీధిలో పట్టపగలే చూస్తాడు. మన అసంతృప్తికి పెద్ద తోడే ఉంది. 1897లో నవల వచ్చిన నెలకే ‘అథీనియం’ పత్రిక దీనికి నిర్మాణ కౌశలం లేదని రాసింది. అదే ఏడాది ఆగస్టులో షెర్లాక్ హోమ్స్ కథల కానన్ డాయల్ మాత్రం ఎన్నో ఏళ్లుగా ఇంత మంచి పిశాచకథ చదవలేదని స్టోకర్‌కి ఉత్తరం రాశాడు. స్టోకర్ తల్లి దీన్ని ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తర్వాత చెప్పుకోదగినదంది. నేను తల్లి పక్షమే. నిర్మాణం లేదన్నవాడు నాలుగో గడి గీయలేదు.

లైబ్రరీకి మన బ్యాచ్ పేరున కొత్త బీరువా ఇస్తున్నాం గనక ఒక్క మాట. సంక్షిప్త ప్రతులు కొనకండి. 27 అధ్యాయాలుండాలి. మొదటి తేదీ మే 3, బిస్ట్రిట్జ్. చివర ఏడేళ్ల తర్వాత హార్కర్ రాసిన గమనిక ఉండాలి. నాలుగు అధ్యాయాలు వేసవి సెలవుల ముందే పూర్తిచేయించి అయిదోది పిన్ను కొట్టి మూసేయండి. సినిమా చూపించాలంటే నవంబరు 6 తర్వాతే.

ఆ నీలం రిజిస్టరు ఎవరింట అటక మీద ఉన్నా సమ్మేళనానికి పట్టుకురండి. లోపల బొబ్బిలివాడి ఇంకు మరక ఉంటుంది. సెప్టెంబరు 20 పేజీలో తేదీ ఒక్కటే ఉంటుంది. ఆ రోజు ఏమీ రాయొద్దన్నారు మాస్టారు.