మే నెల, కావేరి, శ్రీరంగపట్నం కోట

మైసూరు టూర్‌కి వెళ్ళే మనవాళ్ళు శ్రీరంగపట్నంలో బండి ఆపి, రంగనాథస్వామి దర్శనం చేసుకుని, దరియా దౌలత్ బాగ్ గోడల మీది యుద్ధం బొమ్మలు చూసి వెళ్ళిపోతారు. కోట గోడ దగ్గరికి పోయేవాళ్ళు తక్కువ. నాకైతే ఆ ఊళ్ళో అసలు చూడాల్సింది ఆ గోడే.

కావేరి రెండు పాయలై మళ్ళీ కలిసేలోపు ఏర్పడిన లంక అది. కోట దాని పడమటి కొసన ఉంటుంది. విజయనగర కాలం నాటి కోట, 1610లో ఒడెయర్ల చేతికి వచ్చింది, ఆ తర్వాత హైదర్ అలీ, టిప్పు దాన్ని బాగా బలపరిచారు. ఉత్తరాన, పడమరన నదే కాపలా. నేల కలిసే తూర్పు, దక్షిణాల్లో మాత్రం లోతైన కందకాలు తవ్వారు, గోడ వెనక మళ్ళీ గోడ లేపారు. లెక్క బాగానే ఉంది, కాకపోతే నది ఏడాదంతా ఒకేలా ఉండదు కదా.

ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తిన రోజున కృష్ణని చూసి, మళ్ళీ మే నెలలో బ్యారేజీ కింద ఇసుక తిన్నెలు చూసిన బెజవాడ వాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

1791 మేలో టిప్పు మీదికి దండెత్తిన ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ కోట దాకా వచ్చాడు, కానీ వానలు ముందే పట్టుకోవడం, సైన్యానికి తిండి లేకపోవడంతో పెద్ద ఫిరంగుల్ని తనే పాడుచేసుకుని వెనక్కి పోయాడు. మరుసటి ఏడాది 1792లో మళ్ళీ వచ్చి సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు, టిప్పు కొడుకులిద్దర్ని తాకట్టుగా రాయించుకున్నాడు. 1799లో కంపెనీ సైన్యాన్ని నడిపించిన జనరల్ హ్యారిస్ ఆ పాఠం మర్చిపోలేదు, కావేరి పొంగకముందే పని అయిపోవాలన్నాడు. ఫిరంగులతో వాయవ్య మూల గోడకి గండి కొట్టి, మే 4న మిట్టమధ్యాహ్నం ఎండలో నాలుగు వేలకు పైగా సైనికులు బండరాళ్ళ మధ్య నీళ్ళలో నడుచుకుంటూ దాటారు. కొన్ని నిమిషాల్లోనే గండి ఎక్కేశారు. పొద్దుగూకాక టిప్పు శవం ఉత్తరపు గోడ దగ్గరి ద్వారంలో దొరికింది.

అన్నట్టు, 1791-92 యుద్ధంలోనూ, 1799 యుద్ధంలోనూ కంపెనీ పక్కన నిజాం సైన్యం ఉంది. మన గుంటూరు సర్కారుని 1788లో కంపెనీకి అప్పగించిందీ ఆ నిజామే.

వెళ్తే ఎండైనా సరే మే నెలలోనే వెళ్ళండి. వాయవ్య మూలకి పోయి అక్కడి నుంచి నది వైపు చూడండి, వాళ్ళు ఎలా దాటారో మీకే తెలిసిపోతుంది.