ముందు కొట్టు చూశాం, తర్వాతే ఇల్లు

ఇల్లు మారాలని గట్టిగా అనుకున్న రోజు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ రోజు మా ఇంట్లో ఉప్పు అయిపోయింది. కూర పొయ్యి మీద ఉంది. డబ్బా బోర్లించి తడితే అడుగున గడ్డకట్టిన చిన్న పెచ్చు ఒకటి రాలింది, దాన్ని చెంచాతో పొడి చేసి వేసినా సరిపోలేదు. బండి తాళం తీసుకుని బయల్దేరాను. వెళ్లి, బండి పెట్టడానికి చోటు వెతుక్కుని, ఒక్క ప్యాకెట్ పట్టుకుని బిల్లింగ్ దగ్గర లైన్లో నిలబడి, తిరిగొచ్చేసరికి యాభై నిమిషాలు. అమ్మ స్టవ్ ఆపేసి కుర్చీలో కూర్చుని ఉంది. "ఉప్పు సముద్రం నుంచి తెచ్చావేంట్రా?" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు బాగానే తగిలింది, ఆ ఇల్లు ఏరికోరి తీసుకున్నది నేనే కాబట్టి.

తీసుకునేటప్పుడు అన్నీ చూశాను. గాలి, వెలుతురు, నీళ్లు, బండి పెట్టుకునే చోటు, ఆఫీసుకి ఎంత సేపు పడుతుంది, పైకప్పు కారుతుందా. సరుకుల సంగతి మాత్రం బ్రోకర్‌ని ఒక్క మాట అడిగి ఊరుకున్నాను. "అన్నీ దగ్గరే సార్" అన్నాడాయన. అబద్ధమేం కాదు, బండి ఉన్నవాడికి అన్నీ దగ్గరే. అమ్మకి బండి రాదు. అప్పటిదాకా రోజూ తనే వెళ్లి సరుకులు తెచ్చుకునే మనిషి, ఆ ఇంటికి వచ్చాక ప్రతిదానికీ నన్నో మా ఆవిణ్నో అడగాల్సి వచ్చింది. అడగడం ఇష్టంలేక ఉన్నదాంతో సర్దేసేది. అది నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాను. వారానికి రెండుసార్లు వెళ్తాం అనుకుందాం. కొట్టు అయిదు నిమిషాల దూరంలో ఉండాల్సింది ఇరవై నిమిషాల దూరంలో ఉంది, అంటే రానూపోనూ అరగంట ఎక్కువ. ఏడాదికి 104 సార్లు, 52 గంటలు. రెండు రోజుల పైమాటే, అదీ సరుకులు ఏరుకునే టైమ్ కలపకుండా. పైగా దూరమని ఒకేసారి ఎక్కువ తెచ్చేవాళ్లం, అందులో ఆకుకూరలు మూడో రోజుకే వాడిపోయేవి, ఫ్రిజ్‌లో వెనక్కి పోయిన దోసకాయ ఒకటి మెత్తబడి నీళ్లు కారాక గానీ కనపడేది కాదు. పారేసింది లెక్కలో రాయలేదు, రాస్తే ఇంట్లో గొడవ.

ఇలా సరైన సరుకులు దొరకని చోట్లని ఫుడ్ డెజర్ట్ అంటారట, అంటే తిండి దొరకని ఎడారి. 1990ల మొదట్లో స్కాట్లాండ్‌లో పుట్టిన మాట. అమెరికా వ్యవసాయ శాఖ అయితే దీనికో కొలత పెట్టుకుంది, తక్కువ ఆదాయాలున్న పట్టణ ప్రాంతంలో సూపర్ మార్కెట్ ఒక మైలు దాటి ఉంటే అది దూరం కిందే లెక్క, పల్లెల్లో అయితే పది మైళ్లు. అక్కడి జనానిది నిజమైన కష్టం. మాది నా తెలివితక్కువతనం, అంతే.

ఇల్లు మారదాం అంటే స్నేహితుడొకడు తేలిగ్గా తీసేశాడు. "ఇప్పుడు కొట్టుకి ఎవరు వెళ్తున్నారు, ఫోన్‌లో నొక్కితే ఇంటికొస్తుంది కదా." వస్తుంది, నేనూ తెప్పించుకునేవాణ్నే. కానీ ఒక్క ఉప్పు ప్యాకెట్‌కి ఆర్డర్ పెడితే డెలివరీ చార్జీ పడకుండా అక్కర్లేనివి నాలుగు జత చేయాలి, మనం అడిగింది లేకపోతే వాళ్లకి తోచింది పంపుతారు, కూరగాయలు మన చేత్తో ఏరుకునే వీలు లేదు. అన్నిటికంటే ముఖ్యం, అమ్మకి కొట్టుకి వెళ్లడం అంటే సరుకులు తేవడం ఒక్కటే కాదు, నలుగురిని చూడటం, నాలుగు మాటలు మాట్లాడటం. అది ఏ యాప్ తెచ్చిస్తుంది?

సరే, ఈసారి తిరగేసి చేద్దాం అనుకున్నాం. ముందు మంచి కొట్లు వెతకాలి, వాటి చుట్టూ ఇల్లు వెతకాలి. మా ఆవిడకి మొదట్లో ఇది పిచ్చిగా అనిపించింది. "జనం స్కూలు చూసి ఇల్లు తీసుకుంటారు, మీరు ఉల్లిపాయలు చూసి తీసుకుంటారా?" అంది. అవును అన్నాను.

ఎంత దూరం దాకా దగ్గర అనాలి? పారిస్‌లో పనిచేసే కార్లోస్ మొరెనో అనే ప్రొఫెసర్ 2016లో పదిహేను నిమిషాల నగరం అనే ఆలోచన చెప్పారు, రోజూ కావలసినవన్నీ నడిచో సైకిల్ మీదో పదిహేను నిమిషాల్లో అందాలని. వినడానికి బాగానే ఉంది, కానీ ఎవరి నడక? నేను గంటకి అయిదు కిలోమీటర్లు నడుస్తాను, పదిహేను నిమిషాల్లో కిలోమీటరు దాటేస్తాను. అమ్మది మోకాళ్ల నొప్పుల నడక, గంటకి మూడు కిలోమీటర్లు దాటదు, వచ్చేటప్పుడు చేతిలో సంచి కూడా ఉంటుంది. అందుకని అమ్మ నడకతో పది నిమిషాలు అని పెట్టుకున్నాం. అంటే అర కిలోమీటరు.

అక్కడే నేను మొదటి తప్పు చేశాను. మ్యాప్‌లో నచ్చిన కొట్ల చుట్టూ అర కిలోమీటరు గుండ్రాలు గీసి, ఆ గుండ్రాల్లో పడ్డ ఇళ్లన్నీ లిస్టు రాసుకున్నాను, పెద్ద పని చేసినట్టు ఫీలయ్యాను. తీరా వెళ్లి చూస్తే ఒక ఇంటికీ కొట్టుకీ మధ్య రైలు పట్టాలు, దాటాలంటే చుట్టూ తిరిగి వంతెన దాకా పోవాలి, కిలోమీటరున్నర. ఇంకోచోట పొడుగాటి కాంపౌండ్ గోడ. గుండ్రం గీస్తే వచ్చేది పిట్టలు ఎగిరే దూరం, మనుషులు వీధుల వెంట తిరగాలి. వీధులు నిలువూ అడ్డంగా ఉన్నచోట ఏ అడ్డమూ లేకపోయినా మ్యాప్‌లో 500 మీటర్లు నడకలో 700 దాకా పోతుంది. ఆ తర్వాత గుండ్రాలు మానేసి ప్రతిచోటా నడిచి చూశాం. రోడ్డు దాటాల్సి వస్తే అమ్మని తీసుకెళ్లి దాటించి చూశాం. ఒక మంచి ఇల్లు కేవలం ఆ రోడ్డు వల్ల పోయింది, సిగ్నల్ లేదు, బండ్లు ఆగవు, రోడ్డు మధ్యలో అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఇంక చర్చ అక్కర్లేకపోయింది.

ఇక కొట్లు. బయటి నుంచి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. మేము సాయంత్రం జనం ఉన్నప్పుడు ఒకసారి, మూసే ముందు ఒకసారి వెళ్లేవాళ్లం. రెండోది ముఖ్యం. రాత్రి పూట ఏం మిగిలింది, మిగిలినదాన్ని ఏం చేస్తున్నారు, కింద పడ్డ ఆకులు ఊడుస్తున్నారా లేక పొద్దున్న చూద్దాంలే అని వదిలేస్తున్నారా, అప్పుడే తెలుస్తుంది.

నేను నేరుగా పాల ఫ్రిజ్ దగ్గరకి పోయేవాణ్ని. చాలా ఫ్రిజ్‌ల మీద లోపల ఎంత చల్లదనం ఉందో అంకె కనపడుతుంది, అయిదు డిగ్రీలకి అటూ ఇటూ ఉంటే సరే, ఒక కొట్టులో 11 చూపించింది, అడిగితే "అది పాడైందండీ, లోపల చల్లగానే ఉంది" అన్నారు. ఉండొచ్చు. పాలు మాత్రం కొనలేదు. తర్వాత తేదీలు. ముందు వచ్చిన సరుకు ముందు అమ్ముడుపోవాలని పాతవి ముందుకీ కొత్తవి వెనక్కీ సర్దడం మంచి కొట్టు పద్ధతి. అందుకే చెయ్యి లోపలికి పెట్టి వెనక ప్యాకెట్ తీసి తేదీ చూస్తాం మనందరం, అది వాళ్లకీ తెలుసు. ముందువీ వెనకవీ తేదీలు వరసలో ఉంటే ఆ కొట్టులో సర్దే మనిషి ఉన్నాడని అర్థం. పాతది వెనకా కొత్తది ముందూ కలగాపులగంగా ఉంటే ఎవరూ పట్టించుకోవడం లేదని.

అమ్మ పద్ధతి వేరు. తేదీలు చదవడానికి కళ్లద్దాలు కావాలి, అవి సంచిలోంచి బయటికి తీయదు. బంగాళాదుంపల కుప్ప దగ్గరకి పోయి పైవి పక్కకి జరిపి అడుగున ఉన్నవి పట్టుకుని చూస్తుంది. అడుగువి మొలకలొచ్చో, ఆకుపచ్చగా తిరిగో ఉంటే, పైన కొత్తవి పోస్తున్నారు గానీ పాతవి తీయట్లేదని తేల్చేస్తుంది. ఉల్లిపాయల బుట్ట మీదికి వంగి వాసన చూస్తుంది. ఒక పెద్ద షాపులో, అద్దాలు, ఏసీ, సన్నగా పాటలు, అమ్మ వంగి వాసన చూసి నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. అదే షాపులో సాస్‌లు పద్నాలుగు రకాలు లెక్కపెట్టాను, ఉప్పు మాత్రం చివరి అరలో రెండే ప్యాకెట్లు, ఒకటి చిరిగి ఉంది.

పెద్దవి మంచివా చిన్నవి మంచివా అంటే నాకు రెండూ కావాలనిపించింది. మనంతట మనమే అరల మధ్య తిరిగి బుట్టలో వేసుకునే పద్ధతి మరీ పాతదేం కాదు, 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో పిగ్లీ విగ్లీ అనే దుకాణంతో అది పుంజుకుంది, అంతకు ముందు కౌంటర్ ముందు నిలబడి అడిగితే లోపలి మనిషి తీసిచ్చేవాడు. ఇప్పటికీ చిన్న కొట్లలో అదే. పెద్దదాంట్లో కిలోకి ఎంత పడుతుందో పోల్చి చూసుకోవచ్చు, ఎవరూ తొందరపెట్టరు. చిన్నదాంట్లో "ఇవాళ అవి వద్దమ్మా, రేపు కొత్తవి వస్తాయి" అని చెప్పే మనిషి ఉంటాడు. ఉండకపోవచ్చు కూడా, అది అదృష్టం.

అసలు మమ్మల్ని కాపాడిన సంగతి ఇది. ఒక ఇల్లు అందరికీ నచ్చేసింది. కొట్టు నాలుగు నిమిషాల దూరం. అడ్వాన్స్ ఇచ్చేద్దామని వెళ్తూ దారిలో నీళ్ల బాటిల్ కోసం ఆ కొట్టులో ఆగాను. అరలు నిండుగా ఉన్నాయి, ముందు వరస చక్కగా గీత గీసినట్టు ఉంది. బిస్కెట్ ప్యాకెట్ ఒకటి తీశాను. దాని వెనక ఏమీ లేదు, ఖాళీ, చెయ్యి మోచేతి దాకా పోయి అర వెనక రేకుకి తగిలింది. పక్కది తీశాను, అదీ అంతే. సబ్బులూ అంతే. ఉన్న కాస్త సరుకు ముందుకి లాగి పెట్టారు, నిండుగా కనపడాలని. కౌంటర్ దగ్గరున్న కుర్రాణ్ని మెల్లగా అడిగితే అటూ ఇటూ చూసి, "ఈ నెలాఖరుతో ఎత్తేస్తున్నాం సార్" అన్నాడు. ఆ చుట్టుపక్కల అదొక్కటే కొట్టు. బయటికి వచ్చి ఇంటాయనకి ఫోన్ చేసి మళ్లీ చెప్తాం అన్నాను, ఆయనకి కోపం వచ్చింది, ఆయన కోపం న్యాయమే. అప్పటి నుంచి నడిచే దూరంలో కనీసం రెండు కొట్లు ఉండాలి అన్నది కూడా లిస్టులో చేరింది.

మరీ దగ్గరైనా కష్టమేనని కూడా తెలిసింది. సూపర్ మార్కెట్ పైనే ఉన్న ఫ్లాట్ చూశాం, ఇక తిరుగులేదు అనుకున్నాను. పడకగదిలో నిలబడి మాట్లాడటం ఆపితే కింద నుంచి ఫ్రిజ్ కంప్రెసర్ల హోరు, గోడ మీద చెయ్యి పెడితే సన్నగా అదురుతోంది. సరుకు లారీ ఎన్నింటికి వస్తుందని కింద వాచ్‌మన్‌ని అడిగాను. తెల్లవారుజామున నాలుగున్నరకి. వద్దు.

మొత్తం మీద రెండున్నర నెలలు పట్టింది. చివరికి తీసుకున్న ఇల్లు పాతదానికంటే చిన్నది, వంటగదిలో పగలు కూడా లైటు వేయాలి, బాల్కనీ పేరుకే. మా ఆవిడ ఇంకా అప్పుడప్పుడూ పాత బాల్కనీ తలుచుకుంటుంది, నేను మాట మారుస్తాను. కూరగాయల కొట్టు అమ్మ నడకతో ఆరు నిమిషాలు, పెద్ద షాపు తొమ్మిది, మధ్యలో చిన్న రోడ్డు ఒక్కటే.

ఖర్చు తగ్గుతుంది అనుకున్నాను, తగ్గలేదు. పారేసేది తగ్గింది గానీ రోజూ వెళ్తుంటే రోజూ ఏదో ఒకటి సంచిలో పడుతుంది. ఫ్రిజ్ సగం ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీ చూడటం నాకు ఎందుకో హాయిగా ఉంటుంది. కొట్టతనికి అమ్మ మోకాళ్ల సంగతి, మా ఆవిడ ఆఫీసు టైమింగులు, నాకు కాఫీలో చక్కెర ఎంత పడుతుందో అన్నీ తెలిసిపోయాయి, అది ఎంతవరకు మంచిదో ఇంకా తేల్చుకోలేదు.

మొన్న మళ్లీ ఉప్పు అయిపోయింది. ఆఫీసు నుంచి వస్తూ గుర్తుపెట్టుకుని ఒక ప్యాకెట్ పట్టుకొచ్చాను. అప్పటికే అమ్మ వెళ్లి ఒకటి తెచ్చేసింది. కౌంటర్ దగ్గర అతను నాకేమీ చెప్పలేదు, ఊరికే నవ్వి బిల్లు కొట్టాడు.