తీరిపోయిన బాకీలు లేచొచ్చాయి

సంక్రాంతికి మావయ్య వాళ్ళ ఊరెళ్తే అరిసెల కంటే ముందు పాత హార్డ్ డిస్క్ చేతిలో పెట్టాడు. తణుకు దగ్గర వాళ్ళది చిన్న రైస్ మిల్లు, 1997 నుంచి రైతుల ఖాతాలన్నీ ఎవరో ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాసిచ్చిన డాస్ ప్రోగ్రామ్‌లోనే నడిచాయి, ఆ కంప్యూటర్ కాస్తా కార్తీక మాసంలో చచ్చింది. ఫాక్స్‌ప్రోకి ఇక కొత్త వెర్షన్ రాదని మైక్రోసాఫ్ట్ 2007లోనే చెప్పేసినా మా మిల్లుకి ఆ కబురు అందలేదు. "కంప్యూటరోడివేగా, కొత్త లాప్‌టాప్‌లోకి ఎక్కించెయ్" అన్నాడు, అదేదో లారీలోకి బస్తా ఎక్కించినట్టు.

నిజానికి ఫైళ్ళు తెరవడం కష్టమేం కాదు. ఫాక్స్‌ప్రో తన డేటా దాచుకునే డీబీఎఫ్ ఫైల్ లిబ్రేఆఫీస్‌లో తిన్నగా తెరుచుకుంది, సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేసి ఎక్సెల్‌లో పెట్టా, అంతే, 00417 అనే ఖాతా నంబర్ 417 అయి కూర్చుంది. ముందున్న సున్నాలన్నీ మింగేసింది. ఇంకో ఫైల్లో అదే ఖాతా 00417గానే ఉంది, ఇక రెండూ ఎక్కడ కలుస్తాయి! ఒళ్ళు మండి పైథాన్‌లో నేనే స్క్రిప్ట్ రాసుకుని నేరుగా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లోకి తోసేశా, ఖాతా నంబర్ టెక్స్ట్‌గానే ఉంచి.

ఇప్పుడు టోటల్ తీస్తే రైతుల దగ్గర్నుంచి రావాల్సింది పాత ప్రింటవుట్‌లో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. మావయ్య మొహం ఒక్క నిమిషం వెలిగింది కూడా, పాపం.

తప్పు నాదే. డీబీఎఫ్‌లో రికార్డ్ డిలీట్ కొడితే అది ఎక్కడికీ పోదు, దాని మొదటి బైట్‌లో ఖాళీ స్పేస్ ఉండాల్సిన చోట స్టార్ గుర్తు పడుతుంది అంతే, ప్యాక్ అనే కమాండ్ కొడితేనే నిజంగా ఖాళీ అవుతుంది. ఇన్నేళ్ళలో ఎవరూ ప్యాక్ కొట్టిన పాపాన పోలేదు. నా స్క్రిప్ట్ ఆ ఒక్క బైట్‌ని చూడకుండా దాటేసింది, దాంతో ఎప్పుడో తీరిపోయిన బాకీలు, తప్పు కొట్టి చెరిపేసిన ఎంట్రీలు అన్నీ లేచొచ్చి వరసలో నిలబడ్డాయి. స్టార్ ఉన్నవాటిని వదిలెయ్యమని ఒకే ఒక్క ఇఫ్ కండిషన్ పెట్టగానే లెక్క దిగింది.

నోట్స్ కాలమ్ ఖాళీగా ఎందుకొచ్చిందో తెలుసుకోడానికి ఇంకో పూట పట్టింది. మెమో ఫీల్డ్‌లో, అంటే పొడవాటి నోట్స్ రాసుకునే గడిలో, రాసిన మాటలు డీబీఎఫ్‌లో ఉండవు, పక్కనే అదే పేరుతో ఉన్న ఎఫ్‌పీటీ ఫైల్లో ఉంటాయి. నేను తెలివిగా డీబీఎఫ్‌లు మాత్రమే కాపీ చేసుకున్నా. మీరెవరైనా ఈ పని పెట్టుకుంటే ఫోల్డర్ మొత్తం ఎత్తుకోండి, ఏరకండి.

అన్నీ అయ్యాక కూడా ధాన్యం లెక్క తేడా కొడుతూనే ఉంది. ఒక కాలమ్‌లో 1, 2 అని అంకెలు, వాటి అర్థం ఏ ఫైల్లోనూ లేదు, ప్రోగ్రామ్ రాసినాయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. చివరికి పాత గుమస్తా గారింటికెళ్ళి లాప్‌టాప్ తెరిచా. ఆయన స్క్రీన్ వైపు కూడా చూడలేదు. "ఒకటంటే బస్తా రేటు, రెండంటే క్వింటా రేటు బాబూ." బస్తా 75 కిలోలు, క్వింటా 100, నేనేమో అన్నిటినీ క్వింటాలే అనుకుని గుణించేస్తున్నా.

"మరి పదకొండు రికార్డుల్లో మూడు అని ఉందండీ?"

నవ్వారు. "అది మీ మావయ్యనే అడుగు."

అడిగా. "అవి ఎక్కించకు" అన్నాడు.