1794 సెంటును పోల్చుకోవడం

అమెరికా తొలి రాగి సెంట్లలో ఏ రెండు అచ్చులూ (నాణేన్ని ముద్రించే ఉక్కు దిమ్మలు) అచ్చంగా ఒకేలా ఉండవు. ఫిలడెల్ఫియా టంకశాలలో అచ్చు మీద అక్షరాలు, అంకెలు ఒక్కొక్కటిగా పంచ్‌తో కొట్టేవారు మరి. అందుకే 1794 సెంటు పట్టుకుంటే గంటలు తెలియవు.

నాణేన్ని అంచులతో పట్టుకుని, వెలుతురు పక్క నుంచి పడనిచ్చి, భూతద్దంతో ముందు సంవత్సరం అంకెల ఎడం చూడాలి. తర్వాత లిబర్టీ (స్వేచ్ఛకు ప్రతీకగా నాణెంపై ఉన్న స్త్రీ) జుట్టు కుచ్చులు. వెనక్కి తిప్పితే ఆకుల దండలో ఆకు కొనలు ఏ అక్షరం కింద ఆగాయో, పండ్లు ఎన్నో. షెల్డన్ నంబరు, అంటే ఏ అచ్చుల జతతో కొట్టిన నాణెమో చెప్పే సంఖ్య, సగం అక్కడే తేలిపోతుంది.

షెల్డన్ 48 వెనకవైపు అంచు చుట్టూ 94 బుల్లి నక్షత్రాలుంటాయి. ఎంత ముచ్చటైన పనో! కానీ అంచు అరిగితే ముందు పోయేవి అవే. అప్పుడు ఆకులే దిక్కు.

ఉబ్బెత్తుగా ఉన్న గీత అచ్చు పగులు: రాగి ఆ పగుల్లోకి పొంగింది. లోపలికి దిగినది గీరుడు. చాలామంది తడబడేది ఇక్కడే.

చింతపండుతో మాత్రం తోమకండి, దయచేసి. రెండు వందల ఏళ్ల గోధుమరంగు పోయి గులాబీరంగు తేలుతుంది, ఆ పాత రంగు మళ్లీ రాదు. పీవీసీ కవర్లూ వద్దు, పచ్చటి జిగురు పడుతుంది. మెత్తటి నూలు సంచి, పైన కాగితం కవరు చాలు.