ట్రక్కులో పోసే ఆ నీళ్ల గురించి

మొన్న మే నెలలో బోడుప్పల్‌లో మా అక్క వాళ్ల ఇంటి మొదటి స్లాబ్ వేశారు. పద్దెనిమిదేళ్లుగా నేను సైట్ల మీదే ఉంటాను కాబట్టి అక్క వారం ముందే ఫోన్ చేసి "మళ్లీ మళ్లీ కట్టేది కాదురా, ఆ రోజు సెలవు పెట్టి వచ్చి నిలబడు" అంది. ప్లాంట్‌లో కలిపిన కాంక్రీట్ తెచ్చే మొదటి ట్రక్కు బాగానే వచ్చింది. రెండోది ఉప్పల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. చలానాలో లోడ్ చేసిన టైమ్ 7.05 ఉంది, బండి గేటు ముందుకొచ్చేసరికి ఎనిమిదింపావు. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. స్లంప్ (కాంక్రీట్ ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) చూస్తే 70 మిల్లీమీటర్లు, అది పంపు పైపులో పోయే సరుకు కాదు.

మేస్త్రీ నా వైపు చూసి "సార్, కొంచెం నీళ్లు కొడదాం, పైపు జామ్ అయితే స్లాబ్ మధ్యలో ఆగిపోతది" అన్నాడు. డ్రైవర్ అప్పటికే ట్యాంకు వాల్వు మీద చెయ్యి వేశాడు. వద్దన్నాను. మేస్త్రీ చెప్పిన భయం నిజమైనదే, కానీ ఆయన చెప్పిన మందు తప్పు. ఈ ఒక్క విషయం గురించే ఈ పోస్టు రాస్తున్నాను, ఎందుకంటే ఇల్లు కట్టుకునేవాళ్లు సిమెంట్ బ్రాండ్ గురించి, స్టీల్ గురించి పదిమందిని అడుగుతారు, నీళ్ల గురించి మాత్రం ఎవరూ అడగరు.

లెక్క చూడండి. ఆ ఎం25 మిక్స్‌లో (28 రోజులకు 25 మెగాపాస్కల్ బలం రావాల్సింది) క్యూబిక్ మీటరుకు సిమెంటు, ఫ్లై యాష్ (థర్మల్ ప్లాంట్ల బొగ్గు బూడిద) కలిపి 340 కిలోలు, నీళ్లు 160 లీటర్లు. అంటే నీళ్లకూ సిమెంటుకూ నిష్పత్తి 0.47. ట్రక్కులో 6 క్యూబిక్ మీటర్లు ఉంది, డ్రైవర్ పైపు పెట్టి 120 లీటర్లు కొట్టాడనుకోండి, మీటరుకు 20 లీటర్లు పెరిగి నిష్పత్తి 0.53కి పోతుంది. 'మోడరేట్' అనే ఓ మోస్తరు వాతావరణంలో ఉండే ఆర్‌సీసీకి (రాడ్లు వేసిన కాంక్రీట్‌కు) మన కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 పెట్టిన హద్దు 0.50. రెండు నిమిషాల్లో హద్దు దాటేశాం. సిమెంటుతో రసాయనికంగా కలిసిపోయే నీళ్లు దాని బరువులో సుమారు పావు వంతే, మిగతాదాంట్లో చాలావరకు కాంక్రీట్ కదలడానికి, పరుచుకోవడానికి పోసేదే. అది తర్వాత ఆవిరై పోతుంది, ఉన్నచోట సన్నని ఖాళీలు మిగులుతాయి. బలం అక్కడ తగ్గుతుంది, పదిహేనేళ్ల తర్వాత తేమ ఆ దారినే లోపలికి వెళ్లి రాడ్డును తుప్పు పట్టిస్తుంది. నీళ్లు తగ్గితే బలం పెరుగుతుందని డఫ్ ఆబ్రమ్స్ అనే అమెరికన్ 1918లోనే చెప్పాడు. తెలియక కాదు, నీళ్లు తగ్గిస్తే పని జరగదు, అందుకే ఇంతకాలం అందరం పోసుకుంటూ వచ్చాం.

ఈ చిక్కుముడిని విప్పింది సూపర్ ప్లాస్టిసైజర్లు. సైట్ మీద "కెమికల్" అంటారు. సిమెంటు రేణువులు నీళ్లలో పడగానే ఒకదానికొకటి అతుక్కుని ముద్దలు కడతాయి, కొంత నీరు ఆ ముద్దల్లోనే బందీ అయిపోతుంది. ఇప్పుడు వాడే పీసీఈ (పాలీకార్బాక్సిలేట్ ఈథర్) రకం కెమికల్ దువ్వెన పళ్లలాంటి పొడవాటి అణువులతో రేణువులకు పట్టుకుని వాటిని దూరంగా నెడుతుంది, చిక్కుకున్న నీరు బయటికొస్తుంది. అలా 20 నుంచి 30 శాతం నీళ్లు తగ్గించినా కాంక్రీట్ పారుతుంది. మైవాన్ షట్టరింగ్ (అల్యూమినియం అచ్చులు) చూశారు కదా, కొల్లూరు, నార్సింగి వైపు చాలా టవర్లకు అదే, గోడలూ స్లాబూ ఒకేసారి పోస్తారు, ఆ సన్నటి సందుల్లో వైబ్రేటర్ సరిగా దిగదు, కాబట్టి కాంక్రీటే తనంతట తాను నిండాలి. అలాంటి కాంక్రీట్ ఆలోచన జపాన్‌లో ప్రొఫెసర్ ఒకమురా 1986లో ముందుకు తెచ్చింది, అక్కడ కాంక్రీట్‌ను సరిగా కుదించే పనివాళ్లు తగ్గిపోతున్నారని.

మన దగ్గర ఇంకో విషయం ఉంది, రోబో శాండ్. నది ఇసుక పోయి గ్రానైట్ పిండి చేసిన ఇసుక వచ్చాక మిక్స్ స్వభావమే మారిపోయింది. రేణువులు కోసుగా ఉంటాయి, డస్ట్ ఎక్కువైతే నీళ్లు బాగా పీలుస్తుంది. రోబో శాండ్ చెడ్డదని నేను అనను, బాగా కడిగి జల్లించింది అయితే నిక్షేపంగా పనిచేస్తుంది, కానీ పాత కొలతలతో, బకెట్ లెక్కలతో దాన్ని కలపడం కుదరదు.

హైదరాబాద్‌లో పెద్ద కాంక్రీట్ పనులు చూడండి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, 2009లో తెరిచారు, 11.6 కిలోమీటర్లు. తర్వాత మెట్రో, 2020లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. వీటన్నిటిలో సెగ్మెంట్లను (వంతెన ముక్కలను) యార్డులో పోసి, తీసుకొచ్చి, పైన వరసగా పేర్చి, లోపల కేబుళ్లతో బిగించారు. యార్డులో నీళ్లు, ఎండ, క్యూరింగ్ అన్నీ మన చేతిలో ఉంటాయి. ఇంటి స్లాబ్‌కు ఆ అదృష్టం లేదు, మే ఎండలో రోడ్డు పక్కనే పోయాలి. అందుకే అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి అంటాను.

అక్క ఇంటికి వద్దాం. ప్లాంట్ టెక్నీషియన్ దగ్గర అదే మిక్స్‌లో వాడిన కెమికల్ డబ్బా ఉంది. ప్లాంట్‌కు ఫోన్ చేసి డోసు అడిగి పోయించాం, డ్రమ్ము ఐదు నిమిషాలు జోరుగా తిప్పారు, మళ్లీ స్లంప్ చూస్తే 130. తొమ్మిది లోపే బండి ఖాళీ. లోడ్ చేసిన రెండు గంటల్లో దించేయాలన్నది రూలు. ఆ ట్రక్కు నుంచి విడిగా మూడు క్యూబులు (తర్వాత పగలగొట్టి బలం చూసే కాంక్రీట్ దిమ్మెలు) తీయించాను.

సాయంత్రానికి మేస్త్రీ స్లాబ్ మీద తడి గోనెలు పరిపించాడు, మర్నాడు మడులు కట్టి నీళ్లు నిలిపాడు. లోపల పోయొద్దని గొడవపడిన నీళ్లు ఇక్కడ మాత్రం ఎన్నైనా కావాలి. ఫ్లై యాష్ ఉన్న కాంక్రీట్ నెమ్మదిగా బలం పుంజుకుంటుంది, సిమెంటు విడుదల చేసే సున్నంతో అది కలవాలి, దానికి తడి ఉండాలి, టైమ్ కావాలి. కోడ్ కనీసం 10 రోజులు అంటుంది, ఎండల్లో అయితే 14. మా బావ "ట్యాంకర్లకే అయిపోతున్నాయి డబ్బులు, వారం చాలదా" అన్నారు. చాలదు బావా అని, పద్నాలుగు రోజులూ పెట్టించాను. సెంట్రింగ్ కూడా తొందరపడి విప్పనివ్వలేదు.

ముందు ముందు ఈ ఫ్లై యాష్ స్థానంలో కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపిన ఎల్‌సీ3 సిమెంటు వస్తుంది. మామూలు క్లింకర్‌కు (సిమెంటుకు మూలమైన కాల్చిన గడ్డలు) 1450 డిగ్రీలు కావాలి, ఈ మట్టికి 800 చుట్టుపక్కల చాలు, క్లింకర్ సగానికి తగ్గుతుంది. 2023లో మన ఐఎస్ ప్రమాణం కూడా వచ్చింది. నేను ఇంకా దాంతో స్లాబ్ పోయలేదు, పోయాలని చాలా ఉంది. కానీ ఆ మట్టి నీళ్లు ఎక్కువే అడుగుతుందట, కాబట్టి వాల్వు దగ్గర ఈ గొడవ అప్పుడు ఇంకా పెద్దదవుతుంది.

ఇరవై ఎనిమిదో రోజున ఆ మూడు క్యూబులూ పగలగొట్టారు, సగటు 32.6 మెగాపాస్కల్స్. అక్కకు ఆ అంకె ఏమిటో పెద్దగా తెలియదు, 25 దాటితే మంచిదని చెబితే ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. రెండో స్లాబ్ వచ్చే నెల. నిన్న సాయంత్రం మేస్త్రీయే ఫోన్ చేశాడు: "సార్, ప్లాంటోళ్లకు చెప్పండి, ఆ కెమికల్ డబ్బా మర్చిపోకుండా పట్టుకరమ్మని."