ఫర్‌సేకెన్: చెయ్యి విడువబడ్డవాళ్ల మాట

‘అబాండన్డ్’, ‘డిజర్టెడ్’, ‘ఫర్‌సేకెన్’ అనే ఇంగ్లీషు మాటలు మూడింటికీ ‘విడిచిపెట్టిన’ అనే ఒక్క అర్థం రాసుకుంటే వాక్యంలో పెట్టేటప్పుడు దెబ్బతింటాం.

ఫర్‌సేకెన్‌లో నమ్మకం తెగిన బాధ ఉంది. ఆసరా అనుకున్నవాళ్లే చెయ్యి విడిస్తేనే ఈ మాట. సిలువ మీద యేసు వేసిన ప్రశ్నలో ఇంగ్లీషులో ఉన్నది ఇదే. తెలుగు బైబిల్‌లో దాన్ని ‘నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి’ అన్నారు. ఇంతకంటే మంచి తెలుగు నాకు దొరకలేదు. కొడుకులు దుబాయి పోయి మళ్లీ పట్టించుకోని ముసలమ్మ ఫర్‌సేకెన్. వాన పడి ఆగిన క్రికెట్ మ్యాచ్ మాత్రం అబాండన్డ్. అక్కడ ఎవరి మనసూ విరగలేదు, పని మధ్యలో వదిలేశారంతే.

క్రియారూపాలు: ఫర్‌సేక్, ఫర్‌సుక్, ఫర్‌సేకెన్. ‘ఫర్‌సేక్డ్’ అనేది తప్పు. టేక్, టుక్, టేకెన్ పక్కన పెట్టుకొని చదివితే మరువరు. పలికేటప్పుడు ఒత్తు ‘సే’ మీద పడాలి.

డిజర్టెడ్‌కు రెండు ముఖాలు. మధ్యాహ్నం ఎండకు మనిషి జాడలేని హనుమకొండ చౌరస్తా డిజర్టెడ్. సాయంత్రానికి మళ్లీ నిండుతది. చట్టంలో ‘డిజర్షన్’ అంటే బాధ్యత ఎగ్గొట్టి పోవడం. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద, తగిన కారణం లేకుండా వరుసగా 2 ఏళ్లు విడిచి ఉంటే విడాకులు అడగొచ్చు. ఎడారి అయితే ‘డెజర్ట్’, ఒత్తు మొదట్లో. విడిచిపోతే ‘డిజర్ట్’, ఒత్తు చివర్లో.

పాడుబడ్డ గోడౌన్‌కు ‘డెరెలిక్ట్’ సరిగ్గా సరిపోతది.