పాలు కూడా చెరువును చంపుతాయి

మా మేనకోడలు డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు పర్యావరణం పాఠంలోని కాలుష్యకాల రకాలను బట్టీ పడుతూ, ఉన్నట్టుండి పుస్తకం మూసి, "మావయ్యా, పాలు కాలుష్యకమేనా?" అని అడిగింది. పుస్తకంలోని పట్టికలో పాదరసం, సీసం, పురుగుమందులు, పొగ, ప్లాస్టిక్ ఉన్నాయి గాని పాల ప్రస్తావన లేదు. మా ఊరి చెరువు సంగతి వాళ్లమ్మ నోట ఎప్పుడో విన్నది కాబట్టే ఆ పిల్లకు ఈ సందేహం కలిగింది. దానికి జవాబు చెప్పబోయి, కాలుష్యం గురించి నాకు తెలిసినదంతా ఆ చెరువు గట్టు మీద నుంచే మొదలుపెట్టాల్సి వచ్చింది.

నా చిన్నతనంలో మా ఊరి శివారున ఒక పాల శీతలీకరణ కేంద్రం ఉండేది. క్యాన్లూ ట్యాంకులూ కడిగిన నీరు, వేసవిలో విరిగిపోయిన పాలు ఒక సిమెంటు గొట్టం గుండా నేరుగా చెరువులోకి పోయేవి. ఒక వేసవి తెల్లవారుజామున చెరువంతా చేపలు తెల్లగా తేలాయి. రాత్రికి రాత్రి ఎవరో గిట్టనివాళ్లు విషం కలిపారని ఊరంతా అనుకున్నది. రెండు కుటుంబాల మధ్య మాటలు కూడా ఆగిపోయాయి. అయితే చచ్చిన వాటిలో బొచ్చెలు, శీలావతులు, ఎర్రమోసులే తప్ప ఒక్క కొరమీను కూడా లేదన్న సంగతిని ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు. విషమే అయితే కొరమీనును వదిలేదా? కొరమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగలదు, బొచ్చెకు ఆ శక్తి లేదు. ఆ రాత్రి చెరువులో కొత్తగా వచ్చి చేరిన విషమేదీ లేదు, ఉండవలసిన ప్రాణవాయువు అయిపోయింది, అంతే. ఈ తేడా నాకు అర్థమవడానికి మరో పదేళ్లు పట్టింది.

నీటిలో పడిన సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తింటాయి, తింటున్నంతసేపూ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. ఒక లీటరు నీటిలోని వ్యర్థాన్ని అరిగించడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలతను బీఓడీ అంటారు. మన దేశంలో దీన్ని 27 డిగ్రీల వద్ద 3 రోజులు ఉంచి కొలుస్తారు. ఇళ్ల నుంచి వచ్చే మురుగునీటి బీఓడీ సాధారణంగా లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. వాగులలోకి, నదులలోకి వదిలే వ్యర్థజలంలో అది 30కి మించకూడదని మన నిబంధన. చిక్కటి పాల బీఓడీ మాత్రం లక్ష మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అంటే మురుగునీటికి కొన్ని వందల రెట్లు. 30 డిగ్రీల వేడిలో ఉన్న చెరువు నీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్‌ను పట్టుకోలేదు. ఈ లెక్కన ఒక్క లీటరు పాలు అరగడానికి దాదాపు 13 వేల లీటర్ల నీటిలోని ఆక్సిజనంతా ఖర్చు కావాలి. అంటే ఒక్క లీటరు పాల ప్యాకెట్టు ఒక పెద్ద ట్యాంకరుకు మించిన నీటిని ఊపిరాడకుండా చేయగలదు. గాలి నుంచి కొంత ఆక్సిజన్ తిరిగి కరుగుతూనే ఉంటుంది గనుక నిజ జీవితంలో లెక్క ఇంత సూటిగా ఉండదు గాని, వేసవిలో అడుగంటిన చెరువుకు ఆ వెసులుబాటు కూడా తక్కువే.

తెల్లవారుజామునే చేపలు తేలడానికి కూడా కారణం ఉంది. పగలు ఎండలో నాచు ఆక్సిజన్‌ను తయారుచేస్తుంది. చీకటి పడ్డాక అదీ మిగతా ప్రాణుల లాగే ఆక్సిజన్‌ను వాడుకుంటుంది కాబట్టి, సూర్యోదయానికి ముందు నీటిలో నిల్వ అట్టడుగుకు చేరుతుంది. భీమవరం, కైకలూరు ప్రాంతాల ఆక్వా రైతులకు ఈ విషయం ఎవరూ చెప్పనక్కరలేదు. "డీవో పడిపోయింది" (నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గింది) అంటూ రాత్రి రెండింటికి లేచి, నీటికి గాలి కలిపే ఏరేటర్లు తిప్పేవారు వాళ్లే.

పాలు కాలుష్యకమేనా అన్న ప్రశ్న ఎందుకు ఇబ్బంది పెడుతుందంటే, మన మనసులో కాలుష్యం అనే మాట మైల అనే మాటకు చుట్టంగా ఉండిపోయింది. కాలుష్యానికి మూలమైన కలుషం అనే మాటకు బురదతనం అన్న అర్థంతో పాటు పాపం అన్న అర్థం కూడా ఉంది. మైల అంటుకున్నదా లేదా అన్నదే ప్రశ్న. చిటికెడైనా కుండెడైనా అది మైలే. పైగా పాలు పవిత్రమైనవి కాబట్టి వాటికి మైల అంటగట్టడానికి మనసొప్పదు. కాలుష్య శాస్త్రం అడిగేది ఈ ప్రశ్న కాదు. ఎంత ఉంది, ఎక్కడ ఉంది, ఏ రూపంలో ఉంది, ఎంతకాలం ఉంటుంది అని అడుగుతుంది. 1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగిన తరువాత వచ్చిన 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కూడా కాలుష్యకాన్ని పదార్థం పేరుతో నిర్వచించలేదు. పర్యావరణానికి హాని చేసేంత, లేదా చేయగలిగేంత గాఢతలో ఉన్న ఘన, ద్రవ, వాయు పదార్థం ఏదైనా కాలుష్యకమే అన్నది దాని సారాంశం. ఆ నిర్వచనంలో బరువంతా గాఢత మీదే ఉంది.

ఈ మాట నల్లగొండ వాళ్లకు చెబితే వెంటనే అర్థమవుతుంది. అక్కడి భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్‌ను ఏ కర్మాగారమూ కలపలేదు. ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు గల గ్రానైటు రాళ్ల మధ్య నీరు ఏళ్ల తరబడి నిలిచినప్పుడు అది కొద్దికొద్దిగా కరిగి చేరింది. చెరువులూ చేదబావులూ వదిలి బోర్లు లోతుకు వేసినకొద్దీ ఆ నీరు మనుషుల నోటికి వచ్చింది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండవచ్చని, వేరే నీరు దొరకనిచోట ఒకటిన్నర దాకా సహించవచ్చని భారత ప్రమాణం చెబుతున్నది. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, తరువాత ఎముకలు బిగుసుకుపోయి నడుములు వంగిపోతాయి. ఈ వ్యాధి మన దేశంలో మొదట వైద్యుల దృష్టికి వచ్చింది కూడా తెలుగు నేల మీదే. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో దాన్ని గుర్తించిన సంగతిని 1937లో ప్రచురించారు. ఆ తరువాత నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని రూపొందించింది. దానికి ప్రపంచమంతటా నల్లగొండ పద్ధతి అనే పేరు స్థిరపడింది. ఒక ఊరి పేరు ఇలా ప్రసిద్ధికెక్కడం గర్వించవలసిన విషయమో కాదో నాకు తేలలేదు. ఇదే ఫ్లోరైడ్‌ను పళ్లు పుచ్చకుండా ఉండడానికి టూత్‌పేస్టులో కలిపి, డబ్బు పుచ్చుకొని అమ్ముతున్నారు. మా మేనకోడలి పుస్తకంలో సహజ కాలుష్యకాలు అన్న ఉపశీర్షిక కింద అగ్నిపర్వతాల పేరు ఉంది గాని నల్లగొండ పేరు లేదు.

ఎంతకాలం ఉంటుంది అన్న ప్రశ్న దగ్గర పాలకూ పాదరసానికీ దారులు వేరవుతాయి. పాలు, పేడ, మురుగు వంటివి జీవ విచ్ఛిన్నం చెందేవి. కొత్తగా పడడం ఆగి, కొంత వ్యవధి దొరికితే చెరువు తనంతట తానే తేరుకుంటుంది. మా చెరువు కూడా ఆ ఏడు వానలకు తేరుకున్నది. సీసం, పాదరసం, కాడ్మియం మూలకాలు కాబట్టి వాటిని ఏ సూక్ష్మజీవీ మరొకటిగా మార్చి మాయం చేయలేదు. డీడీటీ వంటి మందులు విరిగిపోవడానికి ఏళ్లు పడుతుంది. నీటిలో కన్నా కొవ్వులో బాగా కరుగుతాయి కాబట్టి నాచు నుంచి చిన్నచేపకు, చిన్నచేప నుంచి పెద్దచేపకు, అక్కడి నుంచి దాన్ని తినే కొంగకో మనిషికో చేరేసరికి గాఢత మెట్టుమెట్టుకూ పెరుగుతుంది. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన వ్యాధికి కారణం ఒక కర్మాగారం సముద్రంలోకి వదిలిన మిథైల్ మెర్క్యురీ. అక్కడి జనం తాగిన నీటి ద్వారా కాక, తిన్న చేపల ద్వారా అది ఒంట్లోకి చేరింది. ఇక్కడ "కొంచెమేగా" అన్న మాట చెల్లదు, ఎందుకంటే కొంచెం పోగుపడుతూనే ఉంటుంది.

హైదరాబాదు పక్కనున్న పటాన్‌చెరు ఉదాహరణ ఈ విభజనలకు ఒక పట్టాన లొంగదు, అందుకే నాకు అది ఎక్కువ ఆలోచన కలిగిస్తుంది. అక్కడి సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని కలిపి శుద్ధిచేసే ఒక ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి పదహారు లీటర్ల బకెట్లో కరిగినంత గాఢత అది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా దాదాపు పది రెట్లు. ఒంట్లో ప్రాణం నిలిపే మందు వాగులో ఏం చేస్తుందంటే, లొంగిపోయే సూక్ష్మజీవులను చంపి, లొంగని వాటికి చోటు ఇస్తుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. బీఓడీ పరీక్షలో పనిచేసేవి సూక్ష్మజీవులే, శుద్ధి కేంద్రంలో మురుగును తినేవీ అవే. వాటిని చంపే పదార్థం నీటిలో ఉన్నప్పుడు బీఓడీ తక్కువగా కనిపించి, నీరు ఉన్నదాని కన్నా శుభ్రంగా ఉన్నట్టు భ్రమ కలిగించవచ్చు. చెరువును చంపే పాలకు బీఓడీ లక్ష ఉండి, అంతకన్నా ప్రమాదకరమైన నీటికి తక్కువ అంకె రావడం విడ్డూరం కాదా? అందువల్లే సూక్ష్మజీవులకు బదులు రసాయనాలతో ఆక్సిజన్ అవసరాన్ని కొలిచే సీఓడీని కూడా బీఓడీతో పోల్చి చూస్తారు.

గాలి విషయంలో ఏ రూపంలో ఉంది, ఎక్కడ ఉంది అన్న ప్రశ్నలు ముందుకు వస్తాయి. పొగగొట్టం నుంచో బండి నుంచో నేరుగా వచ్చే సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, మసి ప్రాథమిక కాలుష్యకాలు. ఎవరూ వదలకుండానే గాలిలో పుట్టేవి ద్వితీయ కాలుష్యకాలు. నైట్రోజన్ ఆక్సైడ్‌లూ పెట్రోలు ఆవిర్లూ ఎండలో కలిసినప్పుడు నేల దగ్గర ఓజోన్ పుడుతుంది. అందుకే అది సాధారణంగా మధ్యాహ్నాలలో పెరుగుతుంది. 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున మనకు గొడుగు పట్టే ఓజోన్, ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఊపిరితిత్తులను మంటపెడుతుంది. పొలంలో చల్లిన యూరియా నుంచి లేచే అమోనియా కూడా గాలిలోని ఆమ్లాలతో కలిసి సన్నని కణాలుగా మారుతుంది. పీఎం 2.5 అని పిలిచే ఈ సన్నకణాలకు మన దేశం 2009లో పెట్టుకున్న వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు కాగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5 మాత్రమే. ఒకే కణానికి ఎనిమిది రెట్ల తేడాతో రెండు గీతలు ఉన్నాయంటే, గీత ఎక్కడ గీయాలన్నది శాస్త్రం ఒక్కటే తేల్చే వ్యవహారం కాదని అర్థం.

అన్ని కాలుష్యకాలూ పదార్థాలే కానవసరం లేదు. థర్మల్ కేంద్రాలు వదిలే వేడినీటిలో ఏ మలినమూ లేకపోయినా, నీరు వేడెక్కినకొద్దీ ఆక్సిజన్‌ను తక్కువగా పట్టుకుంటుంది. శబ్దం సంగతి మరీ తమాషాగా ఉంటుంది: అది పదార్థం కాదు గనుక, 1981 నాటి వాయు చట్టాన్ని 1987లో సవరించి వాయు కాలుష్యకాల నిర్వచనంలోకి దాన్ని చేర్చవలసి వచ్చింది. 2000 నాటి నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. మా వీధిలో పెళ్లిళ్ల కాలంలో ఈ అంకెలు చదివి వినిపించినా డీజే మోతలో ఎవరికీ వినబడవు.

ఆ పాల కేంద్రం మూతపడి పదిహేనేళ్లు దాటింది, సిమెంటు గొట్టం ఎండిపోయి అందులో పిచ్చిమొక్కలు మొలిచాయి. ఇప్పుడు ఆ చెరువును మా బాబాయి పాటలో తీసుకొని చేపలు పెంచుతున్నాడు. మొన్న వానలు పడిన వారానికి మేనకోడలిని అక్కడికి తీసుకువెళ్లాను. నీరు చిక్కటి ఆకుపచ్చగా ఉంది, ఒక మూల గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుంది. తెల్లవారుజామున ఐదింటికి బాబాయి మీటరు ముంచి చూస్తే డీవో రెండు దగ్గర ఊగుతోంది. చుట్టుపక్కల వరి మళ్లలో చల్లిన యూరియా, డీఏపీ వాన నీటితో కొట్టుకువచ్చి నాచుకు మేత అయ్యాయని, ఆ నాచే రాత్రంతా ఆక్సిజన్ తాగేసిందని ఆయన చెప్పాడు. ఏరేటరు స్విచ్ వేసి వచ్చాక, "ఏ పొలం నుంచి వచ్చింది తాతయ్యా?" అని ఆ పిల్ల అడిగింది. పాల కేంద్రానికైతే చూపించడానికి ఒక గొట్టం ఉండేది. బాబాయి కాసేపు ఊరుకొని, చెయ్యి చాచి చెరువు చుట్టూ మెల్లగా తిప్పాడు. ఆ చుట్టులో మా నాలుగెకరాలు కూడా ఉన్నాయి.